ఆదివారం ఏడింటికి ఒక్క రింగు

ప్లొవ్దివ్,
14 అక్టోబరు 2007, ఆదివారం.

నాన్నా,

ఈ ఉత్తరం ఇప్పుడే రాయక తప్పడం లేదు. ఇవాళ సాయంత్రం ఏడింటికి నువ్విచ్చిన రింగు విని నాకు భయం వేసింది. మూడేళ్లుగా ప్రతి ఆదివారం అదే రింగు వింటున్నాను, ఎప్పుడూ ధైర్యంగానే ఉండేది. ఇవాళ ఎందుకు భయపడ్డానో చెప్పాలంటే ఆఫీసులో నా వల్ల జరిగిన ఒక పొరపాటు గురించి చెప్పాలి.

నువ్వు గ్రీసు వెళ్లేటప్పుడు మనం పెట్టుకున్న కట్టుబాటు గుర్తుంది కదా. ఒక్క రింగిచ్చి కట్ చేస్తే బాగున్నానని. దానికి జవాబుగా నేనూ ఒక్కటిస్తే నేనూ బాగున్నానని. రెండయితే నువ్వే ఫోన్ చెయ్యమని. మూడయితే కష్టంలో ఉన్నానని. మన ఊరి నుంచి పరాయిదేశం పోయిన వాళ్లందరిదీ ఇదే పద్ధతి. ఎవరూ ఫోన్ ఎత్తరు, కబురు మాత్రం అందుతుంది. ఈ మూడేళ్లలో నువ్వు ఒక్కసారి కూడా రెండో రింగు ఇవ్వలేదు. మొన్న ఉపవాసాలు ముగిసి బైరాం పండగ వచ్చింది. ఆ రోజూ ఒక్కటే.

ఇక నా పొరపాటు. కొండ ఊళ్ల ఆరోగ్యకేంద్రాల్లో ఎక్స్‌రే తీసేవాళ్లు ఉన్నారు గానీ, చూసి చెప్పే డాక్టర్లు లేరు. అందుకని ఆ ఫొటోని ఫోను తీగ మీదుగా పట్నం ఆసుపత్రికి పంపుతారు. అలా పంపే సాఫ్ట్‌వేర్ మాది. కొండల్లో తీగలు పాతవి. వాన పడితే చాలు, ఫైలు సగం దారిలో ఆగిపోతుంది. ఆగిందని మనిషి చూసుకోనక్కర్లేకుండా సాఫ్ట్‌వేరే కనిపెట్టి గంట మోగించాలి. ఆ కనిపెట్టే భాగం వేసవిలో నాకు అప్పగించారు. నన్నొక్కదాన్నే నమ్మి ఇచ్చిన మొదటి పని అది.

సెప్టెంబరు చివర్లో వ్రాబ్చెవో అనే ఊరి నుంచి ఒకావిడ ఛాతీ ఫొటో బయల్దేరింది. అక్కడ నర్సుగా ఉన్న కీనా గారి తెర మీద 'వెళ్తోంది' అని ఆకుపచ్చ దీపం వెలిగింది. మర్నాడూ వెలుగుతూనే ఉంది. ఆ మర్నాడూ. రోజూ పొద్దున్నే వచ్చి దీపం చూసి, సరే వెళ్తోందిలే అనుకునేదట. తొమ్మిదో రోజు మా ఆఫీసుకి ఫోన్ చేసింది. నేనే ఎత్తాను.

"అమ్మాయ్, అంత పెద్ద చదువులు చదివిన మీ డాక్టర్లకి ఒక్క బొమ్మ చూడ్డానికి తొమ్మిది రోజులా? బొమ్మ చూస్తున్నారా, గోడకి సున్నం కొట్టి ఫ్రేము కట్టి తగిలిస్తున్నారా?"

డాక్టరుకి ఫొటోయే చేరలేదు, నాన్నా. మొదటి రోజు మూడో వంతు వచ్చి ఆగింది. తర్వాత ఒక్క చుక్క రాలేదు.

మరి దీపం ఎందుకు వెలిగింది? తీగకి అటూ ఇటూ ఉన్న మిషన్లు అరనిమిషానికోసారి 'నేనున్నాను' అని ఒక చిన్న సంకేతం పంపుకుంటాయి. అందులో ఫొటో ముక్క ఏమీ ఉండదు. వట్టి పలకరింపు. నేనేం రాశానంటే, అవతల నుంచి రెండు నిమిషాల్లోపు ఏది వచ్చినా సరే, పని సాగుతున్నట్టే లెక్క అని రాశాను. పలకరింపులు తొమ్మిది రోజులూ వచ్చాయి. దీపం తొమ్మిది రోజులూ వెలిగింది.

మా పెద్దాయన వెసెలిన్ గారు నా కోడ్ చూసి అరవలేదు. కళ్లజోడు తీసి, "ఇలా రాయమని ఎవరు నేర్పారమ్మా? ఏ పుస్తకంలోనూ ఉండదే" అన్నారు. నీకు చెప్తున్నాను. పుస్తకంలో నేర్చుకోలేదు. మనింట్లో నేర్చుకున్నాను.

ఇవాళ ఏడింటికి నీ రింగు వచ్చినప్పుడు నాకు అనిపించింది అదే. దాంట్లో నువ్వు ఉన్నావని తప్ప ఇంకేం ఉంది?

గ్రీసులో సోలూన్ దాకా వెళ్లే బస్సు డ్రైవరు చేతికి ఈ కవరు ఇస్తున్నాను. మీ తోట మలుపులో పెట్రోలు బంకు దగ్గర ఇస్తానన్నాడు. నాకు రింగు కాదు, ఒక పేజీ రాయి.

నీ
సెవ్దా


నాఉసా దగ్గర తోట,
28 అక్టోబరు.

బిడ్డా సెవ్దా,

నీ ఉత్తరం అందింది. నాతో ఒకే గదిలో ఉంటాడు గదా, గెన్చోయే బంకు దగ్గరికి పోయి తెచ్చాడు. నేను బాగున్నాను. ఇక్కడ ఎండ బాగుంది. తిండి బాగుంది. గెన్చో బాగున్నాడు. పీచు పళ్ల కోత బాగా జరిగింది. యజమాని మంచోడు.

మిషన్లు తప్పు చేస్తే అది నీ తప్పెట్టా అయిద్ది? తీగ పాతదని నువ్వే రాశావు. పెద్దాయనకి అదే చెప్పు, తల వంచుకుని నిలబడకు. మన ఇంట్లో కాలేజీ గుమ్మం ఎక్కిన మొదటి మనిషివి నువ్వు. మీ తాత వేలిముద్ర, నాది నాలుగో తరగతి. అది మర్చిపోకు.

చలికాలం వస్తంది. మంచి కోటు కొనుక్కో. అమ్మ కోటు వేసుకుని తిరగొద్దు, అది ఊలు పోయింది.

ఆదివారం రింగు ఇస్తా.

నీ నాన్న
సాలిహ్


ప్లొవ్దివ్,
6 నవంబరు 2007.

నాన్నా,

నీ ఉత్తరం పక్కన పోయిన ఏడాది మే నెలలో నువ్వు రాసిన ఉత్తరం పెట్టుకుని చదివాను. 'ఎండ బాగుంది. తిండి బాగుంది. గెన్చో బాగున్నాడు.' మూడు వాక్యాలూ అదే వరసలో ఉన్నాయి. కోటు సంగతొక్కటే కొత్తది. కోపంగా రాస్తున్నానని అనుకోకు. నాకు కోపం లేదు. ఇప్పుడు నా ఉద్యోగమే అది, వచ్చినదాంట్లో కొత్తది ఎంతుందో చూడటం.

పోయిన గురువారం వెసెలిన్ గారూ నేనూ వ్రాబ్చెవో వెళ్లాం. కీనా గారు పొట్టి మనిషి, మగవాళ్ల కోటు వేసుకుంటుంది. నన్ను పైనుంచి కిందికి చూసి, "దీపం పెట్టింది నువ్వేనా? నేనింకా గడ్డం ఉన్నవాడెవడో అనుకున్నా" అంది. తర్వాత కాఫీ పెట్టి ఇచ్చింది. ఆ ఎక్స్‌రే ఆవిడని చూస్తావా అని అడిగింది. కప్పు కింద పెట్టి కీనా గారి వెనకే నడిచాను.

ఆ ఎక్స్‌రే ఆవిడ పేరు ఎమినె. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని సూదికి పొగాకు గుచ్చుతోంది. వేళ్లు అమ్మ వేళ్లలాగే నల్లగా ఉన్నాయి. ఊపిరితిత్తిలో మచ్చ ఉందట. మందులు మొదలుపెట్టారు, తగ్గుతుందన్నారు. తొమ్మిది రోజుల ముందే మొదలవ్వాల్సినవి. నేను క్షమించమని అడిగాను. ఆవిడకి సంగతి పూర్తిగా అర్థం కాలేదు. "దీపం వెలుగుతోందని కీనా చెప్పింది కదమ్మా. ఇంక అడగడం ఏం బావుంటుందని నేనూ ఊరుకున్నా. దగ్గు వస్తే బయటికొచ్చి దగ్గేదాన్ని, మా ఆయన వింటాడని" అంది. నన్ను పొగాకు దండ ఒకటి గుచ్చి ఇవ్వమంటే గుచ్చాను. నా చేతులు మర్చిపోలేదు.

తిరుగు దారిలో వెసెలిన్ గారు కారు నడుపుతూ, "ఇప్పుడు భయపడి రెండో తప్పు చేస్తావు, చూసుకో" అన్నారు.

"ఏం తప్పండీ?"

"నిమిషం ఆలస్యమైతే చాలు, ఆగిపోయిందని తెంపేస్తావు. ఈ కొండల్లో వానాకాలం ఒక్క ఫొటో వెళ్లడానికి రెండు గంటలు పట్టే తీగలున్నాయి. మెల్లగా వస్తున్నవాడిని రావట్లేదనకూడదు కదా."

అందుకని ఇప్పుడు ఇలా రాశాను. పలకరింపులు లెక్కలోకి రావు. ఫొటోలో కొత్త ముక్క వచ్చిందా లేదా, అదొక్కటే చూడాలి. ఎంతసేపు ఓపిక పట్టాలనేది అన్ని తీగలకీ ఒకటే కాదు. ఆ తీగ మామూలుగా ఎంత మెల్లగా నడుస్తుందో దాన్ని బట్టి. ఆ ఓపిక కూడా దాటితే తెంపకూడదు, గంట కొట్టి మనిషిని పిలవాలి. వచ్చిన మూడో వంతుని పారెయ్యకూడదు. తీగ బాగుపడ్డాక ఆగినచోటి నుంచే మిగతాది రప్పించుకోవాలి. నాలుగు రోజులుగా పరీక్షిస్తున్నాం, సరిగ్గానే పనిచేస్తోంది.

నా గది ఎనిమిదో అంతస్తులో. లిఫ్టులో ఎవరైనా ఎక్కితే నేల చూస్తారు, నేనూ నేలే చూస్తాను. శుక్రవారం సాయంత్రం ఆఫీసు వదిలాక సోమవారం దాకా నేను మాట్లాడే అవసరం రాదు. మొన్న శనివారం రొట్టెల కొట్లో బానిత్స అడగబోతే గొంతు పెగల్లేదు. కొట్టావిడ జలుబా అని అడిగింది. అవునన్నాను.

నాన్నా, ఈసారి ఉత్తరంలో పోయిన ఆదివారం నువ్వు రాయగలిగి ఉండని సంగతి ఒక్కటైనా రాయి. చిన్నదైనా ఫర్వాలేదు. నిన్న చూసింది, ఇవాళ జరిగింది.

సెవ్దా


తోట,
18 నవంబరు.

బిడ్డా,

నీ ఉత్తరం గెన్చో చదివి వినిపించాడు, నా కళ్లజోడు కాలు విరిగింది. ఇదిగో, ఇది కొత్త సంగతి. రాసుకో.

నువ్వు అడిగావు గదా అని ఈ వారం అన్నీ లెక్కగా చూశా. మా రేకుల కప్పుకి మేకు ఒకటి ఊడింది. గాలి వీస్తే టకటక కొట్టుకుంటంది. ఏడు కొట్టి ఆగి మళ్లీ కొడతది. తలుపు మీద పిట్టగూడు ఖాళీ అయింది. ఐదు పిట్టలు ఉండేవి. పొద్దున పదింటికి కిటికీలోంచి ఎండ నా దుప్పటి మీద పడతది. పన్నెండుకి నేల మీద. మూడింటికి ఎదర గోడకి ఎక్కి గెన్చో కోటు దాకా పోయి అక్కడ చల్లారిపోద్ది. కోతకి వేసిన నిచ్చెన ఒకటి ఎదర చెట్టు కిందే ఉంది, ఎవరూ తియ్యలా. దాని మెట్లు పదకొండు.

పిల్లి ఈనింది. నా రబ్బరు బూట్లున్న పెట్టెలో, సరిగ్గా బూట్ల మీదే. మూడు పిల్లలు. రెండు బూడిద, ఒకటి నలుపు. మొన్న కళ్లు తెరిచాయి. గెన్చో అంటాడు, "సాలిహ్, నీ బూట్లకి ఇన్నాళ్లకి ఒక గౌరవం దక్కింది" అని. వాడి వంటకి మాత్రం ఏ గౌరవమూ దక్కదు. నిన్న చిక్కుడు గింజలు మాడ్చి, మాడలేదు, ఇది గ్రీకు పద్ధతి అన్నాడు. "గ్రీకు వాళ్లు వింటే నిన్ను సరిహద్దు దాటిస్తారు" అన్నా. ఇద్దరం నవ్వుకుని అదే తిన్నాం.

ఆ ఎమినె అనే ఆవిడకి తగ్గిందా? నువ్వు పొగాకు గుచ్చావని చదివితే బాగుంది. సూది తగల్లేదు గదా.

శని ఆదివారాలు గదిలో ఒక్కదానివే ఉండకు. ఎవరన్నా స్నేహితురాలితో పార్కుకి పో. ఇన్ని రాశా, చాలా? చెయ్యి నెప్పి పుట్టింది.

నాన్న


ప్లొవ్దివ్,
25 నవంబరు 2007.

నాన్నా,

మూడు సంవత్సరాల్లో నువ్వు నాకు రాసిన ఉత్తరాల్లో ఇంత మంచిది లేదు. ఆఫీసులో కూర్చుని చదివి నవ్వాను, పక్క బల్ల మీద పనిచేసే అమ్మాయి తలెత్తి చూసింది. సాయంత్రం గదికి వచ్చి మళ్లీ చదివాను. అప్పుడు నవ్వు రాలేదు.

పదింటికి ఎండ నీ దుప్పటి మీద పడుతుందని రాశావు. పదింటికి నువ్వు దుప్పటి కింద ఎందుకు ఉన్నావు? తెల్లారకముందే తోటలో ఉండే మనిషివి. మన ఊళ్లో మంచు పడినా ఐదింటికి నిన్ను ఇంట్లో చూడలేదు నేను.

పిల్లిపిల్లలు కళ్లు తెరిచాయన్నావు. అంటే పుట్టి పదిరోజులు. ఆ పదిరోజులూ నీ బూట్లు ఎవరూ తొడుక్కోలేదు. కొమ్మలు కత్తిరించే పని నవంబరులోనే మొదలవుతుందని నువ్వే చెప్పావు ఒకప్పుడు.

కప్పు, తలుపు, కిటికీ, ఎదర గోడ, చెట్టు కింద నిచ్చెన. నువ్వు రాసినవన్నీ ఒకే చోటి నుంచి కనిపించేవి. ఆ చోటు ఏమిటో నాకు అర్థమైంది.

నేను ఒకే ఒక్క మాట అడుగుతాను. ఎన్నాళ్లుగా మంచం మీద ఉన్నావు?

సెవ్దా


తోట,
2 డిసెంబరు.

బిడ్డా,

నాకేం కాలేదు. కొంచెం నడుం పట్టేసింది, వయసు గదా. నువ్వు కంగారు పడి రావద్దు. నీ ఉద్యోగం ఖాయం అయ్యేది కొత్త సంవత్సరానికి అన్నావు. అది చూసుకో. తగ్గిపోద్ది.

ఆదివారం రింగు ఇస్తా.

నాన్న


(అదే కవరులో, సిమెంటు సంచి కాగితం మీద)

అమ్మాయ్ సెవ్దా,

నేను గెన్చోని. మీ నాన్న రాసిన ముక్కని నేను కవర్లో పెట్టి అంటిస్తానన్నా. అంటించే ముందు ఇది కూడా పెడుతున్నా. తెలిస్తే చేతికర్ర విసిరేస్తాడు. గురి బాగుంటుంది, అది ఒక్కటీ పాడవలేదు.

జూలై పదకొండున పడ్డాడు. ఆ నిచ్చెన మీంచే, పైమెట్టు మీంచి. తొడ ఎముక. మా ఇద్దరికీ ఇక్కడ పని కాగితాలు లేవు. యజమాని ఆసుపత్రికి తీసుకెళ్తే తన మెడకి చుట్టుకుంటుందని ఊరి చివర ఎముకలు కట్టే ముసలాయన్ని పిలిపించాడు. ఆయన చెక్కలు పెట్టి కట్టాడు. సెప్టెంబరులో విప్పాం. కాలు వంకరగా అతుక్కుంది. తలుపు దాకా కర్రతో వస్తాడు, గుమ్మం మీద కాసేపు నిలబడతాడు, మళ్లీ పోయి పడుకుంటాడు. అంతే అమ్మా. పళ్ల పెట్టెలకి కాగితాలు అతికించే పని కూర్చుని చేస్తాడు కాబట్టి మంచం ఉంచారు. మూడు నెలల నుంచి ఒక్క అంగుళం మార్పు లేదు.

ఎన్నిసార్లు పోట్లాడానో. "ఒరే మొండిఘటమా, మూడు రింగులివ్వు, నీ కూతురు చదువుకున్న పిల్ల, ఏదో దారి చూస్తుంది" అంటే ఏమన్నాడో తెలుసా? "వాళ్లమ్మకి ఆఖరి జబ్బు చేసినప్పుడు అది ఒక ఏడాది కాలేజీ మానేసి మంచం పక్కన కూర్చుంది. దాని జీవితంలో ఇంకో ఏడాది నేను తినను" అన్నాడు. ఆ మాట మీద ఉన్నాడు.

ఆదివారం ఆరున్నరకే గడ్డం గీసుకుంటాడు. నిజంగా. రింగు ఇవ్వడానికి గడ్డం ఎందుకురా అంటే, "నీకేం తెలుసు" అంటాడు. ఫోన్ చేతిలో పట్టుకుని ఏడు కోసం చూస్తాడు. ఒక్క రింగు పోగానే కట్ చేసి, అటు నుంచి నీది వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుంటాడు. నీ రింగు వచ్చిందా, "చూశావా, బాగుంది" అంటాడు.

నీ ఉత్తరం చదివి వినిపించినప్పుడు పిల్లిపిల్లల కళ్ల దగ్గర ఆగమన్నాడు. ఆ ముక్క మళ్లీ చదివించుకున్నాడు. తర్వాత, "కనిపెట్టేసింది, గెన్చో. మిషన్లకి చేసే పనే నాకూ చేసింది" అన్నాడు. అన్నప్పుడు మొహం చూశాను. బాధ కాదు, అమ్మా. పదిమందికి చెప్పుకోవాలన్నట్టు ఉంది. చెప్పుకోవడానికి ఇక్కడ నేనొక్కణ్ణే.

చిక్కుడు గింజలు మాత్రం మాడలేదు.

గెన్చో


ప్లొవ్దివ్,
9 డిసెంబరు 2007, ఆదివారం.

నాన్నా,

గెన్చో మామ మీద కర్ర విసరొద్దు. ఆయన చెప్పకపోయినా ఈ ఆదివారం నేను బస్సెక్కేదాన్నే. ఆయన చెప్పడం వల్ల ముందు ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు ఒక సంగతి దాచావు. నేనూ దాచాను. ముందు నాది చెప్తాను.

వ్రాబ్చెవో పొరపాటు తర్వాత నా ఉద్యోగం కొత్త సంవత్సరానికి ఖాయం చెయ్యడం లేదన్నారు. మార్చి దాకా చూస్తారట. అది నీకు రాయలేదు. ఉపవాసాల బైరాం రోజు బక్లావా మిఠాయి తెచ్చుకున్నాను. రెండు ముక్కలు కాగితంలో కట్టించుకుని వచ్చి, గదిలో బల్ల మీద రెండు పళ్లేలు పెట్టాను. ఎందుకు రెండు పెట్టానో నాకే తెలియదు. సాయంత్రం నీ రింగు వచ్చింది. తిరిగి ఇచ్చేటప్పుడు ఈసారి రెండు ఇద్దామనుకున్నాను. ఏమీ కాలేదు, నాన్నా, ఊరికే నీ గొంతు వినాలని. మొదటి రింగు పోయింది. రెండోది మోగేలోపు కట్ చేశాను. నువ్వు కంగారు పడతావని. నువ్వు అక్కడ గడ్డం గీసుకుని కూర్చుని, "చూశావా, బాగుంది" అని ఉంటావు.

ఇద్దరం ఇన్నాళ్లూ ఒకరికొకరు ఆకుపచ్చ దీపం పెట్టుకున్నాం. నా దీపం కూడా అబద్ధమే.

ఇప్పుడు నీ సంగతి. అమ్మ మంచం పక్కన కూర్చున్న ఏడాదిని నువ్వు నా జీవితంలోంచి పోయిన ఏడాది అనుకుంటున్నావు. నాకు అలా లేదు. ఆ ఏడాదిలో అమ్మ నాతో మాట్లాడినంత అంతకు ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. పోయినది ఆ ఏడాది కాదు. జూలై పదకొండు నుంచి ఇవాల్టి దాకా, ఇది పోయింది.

నేను ఉద్యోగం మానెయ్యను. ఇది ఒట్టు. శుక్రవారం వెసెలిన్ గారికి అంతా చెప్పాను. మొదటిసారి ఆయన ముందు ఏడ్చాను, అదీ చెప్పేస్తున్నాను. కిటికీ వైపు తిరిగి నేను ఆపేదాకా అలాగే ఉన్నారు. తర్వాత, "ఆ కోడ్ ఎవరు నేర్పారని అడిగాను కదా, ఇప్పుడు తెలిసింది" అన్నారు. పదిహేడు నుంచి రెండో బైరాం, అదే కుర్బానీ పండగ, దాటేదాకా సెలవిచ్చారు, ఆ తర్వాత ఎలాగూ క్రిస్మస్ సెలవులు. మార్చిలో ఏమవుతుందో అది మార్చిలో చూసుకుంటాను.

కీనా గారికి కూడా ఫోన్ చేశాను. "మీ నాన్నని పట్నం ఆసుపత్రిలో వరసలో నిలబెట్టకు, ముందు నా దగ్గరికి తీసుకురా. బొమ్మ తీసి పంపిస్తా. ఈసారి వెళ్లిందో లేదో నీ గంట చెప్తుంది, నా కళ్లు నమ్మను" అంది. వంకరగా అతికిన ఎముకని మళ్లీ సరిచేసే డాక్టరు ఉన్నారట. చెయ్యగలరో లేదో ఫొటో చూస్తేగానీ చెప్పలేమన్నారు. నిన్ను నడిపిస్తానని నేను మాట ఇవ్వడం లేదు. చూపిస్తానని ఇస్తున్నాను. ఎమినె గారు కూడా కబురు పంపింది. వాళ్లింట్లో కింది గది ఖాళీగా ఉందట, మెట్లు లేవట. ఆవిడ దగ్గు తగ్గుతోంది.

జూలైలో నువ్వు చెప్పడం ఆపిన చోటి నుంచి చెప్పు, నాన్నా. నిచ్చెన పైమెట్టు నుంచి. మొదటి నుంచీ చెప్పక్కర్లేదు. ఇదివరకు చెప్పినవన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇవి రాయి: కాలు ఎంతవరకు మడవగలుగుతున్నావు. బస్సు మెట్లు మూడు, మధ్య మెట్టు ఎత్తు ఎక్కువ. గెన్చో మామ ఒక పక్క పట్టుకుంటే ఎక్కగలవా, లేక నేను వచ్చి రెండో పక్క పట్టుకోవాలా. రాత్రుళ్లు నొప్పి ఉందా. కళ్లజోడు నంబరు ఎంత. పిల్లుల్లో నల్లది ఎలా ఉంది. అన్నీ కొత్త సంగతులే కావాలి.

ఇవాళ ఏడింటికి నీ రింగు వచ్చింది. ఈ ఉత్తరం రాస్తూ ఉన్నాను. చెయ్యి ఫోన్ దాకా వెళ్లింది, నేను ఎత్తేలోపు నువ్వు కట్ చేశావు. తిరిగి రింగు ఇవ్వలేదు నేను. మూడేళ్లలో మొదటిసారి. నువ్వు అక్కడ ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంటావని తెలుసు. నన్ను క్షమించు. బాగున్నానని అబద్ధం పంపడం చేతకాలేదు.

శనివారం, డిసెంబరు పదిహేనున సోలూన్ నుంచి వచ్చే బస్సు సాయంత్రం నాలుగింటికి ఇక్కడ ఆగుతుంది. నేను బస్టాండులో ఉంటాను, అమ్మ కోటు వేసుకుని. నీ జవాబు ఆ బస్సులో రావాలి. ఉత్తరమైనా సరే, నువ్వే అయినా సరే. రెండూ రాకపోతే ఆదివారం పొద్దున బస్సులో నేను బయల్దేరతాను. రింగులు మాత్రం లెక్కలోకి రావు.

డిసెంబరు పదిహేను. నాలుగింటికి.

నీ
సెవ్దా